‘నేను’ జోలికి పోని ధ్యానం

కృష్ణా డెల్టాలో ఇవాళ ధ్యానం మాట చెవిన పడని ఊరు దొరకడం కష్టం. ఆ మాట ముఖ్యంగా మూడు దారుల్లో వచ్చింది. 1990లో కర్నూలులో మొదలైన పిరమిడ్ ధ్యాన ఉద్యమం సుభాష్ పత్రి నోట ‘శ్వాస మీద ధ్యాస’ అనే మాటను పల్లెల దాకా తీసుకొచ్చింది. మంత్రోపదేశం, మడి ఆచారం అక్కర్లేకుండా ఎవరింటి అరుగు మీద వాళ్లు చేసుకోగల పనిగా ధ్యానాన్ని మార్చింది. బర్మాలో పుట్టి పెరిగి 1969లో భారతదేశానికి వచ్చిన సత్యనారాయణ గోయెంకా నేర్పిన విపశ్యన, హైదరాబాద్ వనస్థలిపురంలోనూ నాగార్జునసాగర్‌లోనూ ఉన్న కేంద్రాల నుంచి పదిరోజుల శిబిరాల రూపంలో మనవాళ్లకు అందింది. మూడో దారి సెల్‌ఫోన్. అందులో వినిపించే పది నిమిషాల పాఠాలు చాలావరకు 1979లో అమెరికాలోని ఒక వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టిన పద్ధతికి దూరపు చుట్టాలు. ఈ మూడూ ఏదో ఒక మేరకు బుద్ధుడి పేరు చెబుతాయి, ఊపిరితోనే మొదలుపెడతాయి. మనసు కుదుటపడుతుందని, సుఖంగా ఉంటామని హామీ ఇస్తాయి. ఆ సుఖం ఎవరికి కావాలంటున్నామో ఆ ‘నేను’ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మొదటిది బుద్ధుడు చెప్పినదానికి భిన్నమైన జవాబిస్తుంది, రెండోది ముక్తసరిగా చెప్పి ఊరుకుంటుంది, మూడోది ఆ ఊసే ఎత్తదు. బౌద్ధంలో నేను, సుఖం, ఎరుకతో బతకడం అనేవి వేరువేరు పాఠాలు కావని నా వాదన. ‘నేను’ను విచారించకుండా సుఖం నిలవదు. బతుకు తీరు మారకుండా ఆ విచారణ ముందుకు సాగదు. ఈ మాటకు ఆధారాలు బుద్ధగయలోనో బర్మాలోనో వెతకనక్కర్లేదు. తెనాలి, బాపట్ల, రేపల్లెల మధ్యనే ఉన్నాయి.

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు దారిలో భట్టిప్రోలు ఉంది. అక్కడి స్తూపం దిబ్బను 1892లో అలెగ్జాండర్ రే తవ్వించాడు.  అప్పటికే దాని ఇటుకలు, చలువరాళ్లు రోడ్లకూ కాలువ పనులకూ తరలిపోయాయి. అయినా లోపల మూడు రాతి భరిణెలు మిగిలాయి. వాటిలో స్ఫటికపు భరిణెలు, బంగారు పూలు, అస్థి శకలాలు దొరికాయి. రాతి మీద, అంచుల వెంట ప్రాకృతంలో శాసనాలున్నాయి. వాటిని చదివి ప్రకటించిన బ్యూలర్, ఆ లిపి అశోకుడి బ్రాహ్మికి దగ్గరదే అయినా కొన్ని అక్షరాల్లో దానికి భిన్నమైనదని గుర్తించాడు. దక్షిణాది లిపుల చరిత్ర రాసేవాళ్లు ఎవరైనా భట్టిప్రోలు దగ్గర ఆగకుండా పోలేరు. అక్కడ దొరికిన ధాతువు ఒకటి కలకత్తా చేరి, 1920లో మహాబోధి సొసైటీ కట్టించిన ధర్మరాజిక విహారంలో ప్రతిష్ఠితమైంది. లిపి గురించి ఇంత చర్చ జరిగింది గాని, ఆ అక్షరాలు చెబుతున్న సంగతి మీద అంతగా జరగలేదు. ఒక శాసనంలో కురుడి తండ్రి, కురుడి తల్లి, కురుడు, శివుడు అనే నలుగురు కలిసి బుద్ధుడి ధాతువులను ఉంచడానికి పెట్టెనూ స్ఫటికపు భరిణెనూ చేయించారని ఉంది. మిగతా వాటిలో గోష్ఠి సభ్యుల పేర్ల వరుస ఉంది, నిగమం ఉంది, కుబీరకుడనే రాజు ఉన్నాడు. ఏది శాశ్వతంగా నీదని చెప్పుకోగలవో చూపించమని అడిగిన గురువు అస్థికల పక్కన ఇన్ని పేర్లు! గుడిలో ఫ్యాను రెక్క మీద దాత పేరు రాయించే అలవాటు మనకు నిన్నమొన్నటిది కాదన్నమాట.

ఇదే మొదటి అభ్యంతరం. పండితులు అనాత్మ అని, అంటే మారకుండా నిలిచే ‘నేను’ లేదని, ఎంత చెప్పినా, జనం ఆచరించిన బౌద్ధంలో ‘నేను’ భేషుగ్గా బతికిందని, కాబట్టి ఆ సిద్ధాంతం సామాన్యుడి ధ్యానానికి అవసరం లేదని ఎవరైనా అనవచ్చు. ఈ అభ్యంతరంలో బలం ఉంది. కాని అది బుద్ధుడు అనని మాటను ఆయనకు అంటగడుతోంది. సారనాథ్‌లో ఐదుగురు శిష్యులకు చెప్పిన రెండో ఉపదేశంలో ఆయన చేసిన వాదం చాలా సాదాగా ఉంటుంది. ఈ శరీరం నిజంగా నాదైతే నేను చెప్పినట్టు వినాలి, రోగం వద్దంటే రాకూడదు. వినడం లేదు. శరీరం తర్వాత అనుభూతిని, గుర్తింపును, సంస్కారాలను, విజ్ఞానాన్ని ఇలాగే ఒక్కొక్కటిగా పరీక్షకు పెట్టి, మన పెత్తనం కింద లేనిదాన్ని నాది, నేను అనుకోవడం తగునా అని అడుగుతాడు. వచ్ఛగోత్తుడనే పరివ్రాజకుడు వచ్చి ఆత్మ ఉందా, లేదా అని సూటిగా అడిగితే రెంటికీ జవాబివ్వకుండా మౌనంగా ఉండిపోతాడు. కురుడనే మనిషి లేడని గాని, అతని పేరు అబద్ధమని గాని ఇక్కడ ఎవరూ అనలేదు. పైగా ఆ శాసనంలో కురుడు ఒంటరిగా లేడు. తల్లినీ తండ్రినీ కూడా అతని పేరుతోనే గుర్తించారు, వాళ్లతో కలిపే అతన్నీ చెప్పారు. పేరు ఒక సంబంధాన్ని గుర్తుపట్టే సాధనం. దాని వెనక విడిగా, మారకుండా ఒక యజమాని కూర్చుని ఉన్నాడనుకోవడం దగ్గరే బౌద్ధానికి పేచీ.

ఈ పేచీని తేల్చుకోవడానికి ఆంధ్రదేశపు బౌద్ధులు పడ్డ శ్రమ తక్కువది కాదు. పాళీ అభిధర్మ గ్రంథాల్లో ఒకటైన కథావత్థులో మొట్టమొదటి చర్చ, అన్నిటికన్నా పొడుగైన చర్చ, వ్యక్తి అనేవాడు పరమార్థంగా ఉన్నాడా అన్నదే. ఆ గ్రంథం మీది వ్యాఖ్యానం పలుచోట్ల అంధకులనే వర్గాన్ని పేర్కొని, పూర్వశైలీయులు, అపరశైలీయులు, రాజగిరికులు, సిద్ధార్థికులు అందులోని శాఖలని చెబుతుంది. అమరావతి, నాగార్జునకొండ శాసనాల్లో కనిపించే శాఖల పేర్లలో ఇలాంటివి ఉండడం చూస్తే, ఈ వాదాలు మన నేల మీద గట్టిగానే సాగాయని తెలుస్తుంది. సంప్రదాయం శాతవాహన రాజుకు మిత్రుడిగా చెప్పుకునే ఆచార్య నాగార్జునుడు మూలమధ్యమక కారికల్లో పద్దెనిమిదో ప్రకరణాన్ని ఆత్మ పరీక్షకే కేటాయించాడు. ఆత్మ అనేది శరీరం మొదలు విజ్ఞానం దాకా పైన చెప్పిన ఐదు స్కంధాలే అయితే వాటితోపాటు పుట్టి నశించాలి. వాటికన్నా వేరైతే వాటి లక్షణం ఒక్కటీ దానికి ఉండకూడదు. ఎటు తిరిగినా దొరకదు. అక్కడితో ఆగిపోయి ఉంటే అది తర్క విన్యాసంగా మిగిలేది. ఇరవై నాలుగో ప్రకరణంలో ఆయన వ్యవహార సత్యాన్ని ఆసరా చేసుకోకుండా పరమార్థాన్ని బోధించడం కుదరదన్నాడు. భట్టిప్రోలు రాతి మీది పేర్లకు ఇంతకన్నా మంచి సమర్థన లేదు. అదే నాగార్జునుడు రాజుకు రాసిన రత్నావళిలో దారి వెంట నీటి వసతి, రోగులకు వైద్యం, ఖైదీల పట్ల దయ, కష్టకాలంలో పన్నుల తగ్గింపు గురించి సలహాలిస్తాడు. ‘నేను’ను పిండి ఆరబోసిన తాత్వికుడు చలివేంద్రాల గురించి ఎందుకు పట్టించుకున్నాడన్న ప్రశ్నకు జవాబు తెలిస్తే, మన ధ్యాన శిక్షణల్లో కొరవడినదేమిటో తెలుస్తుంది. యజమాని లేడని తేలాక పక్కవాడి దాహం పక్కవాడిదిగా మిగలదు.

ఇప్పుడు సుఖం సంగతి. బౌద్ధం సుఖాన్ని చిన్నచూపు చూసిందని, అంతా దుఃఖమేనంటుందని మనలో పాతుకుపోయిన అభిప్రాయం. సతిపట్ఠాన సూత్రం చెప్పే నాలుగు పరిశీలనల్లో రెండోది వేదనల పరిశీలన. అందులో సుఖాన్ని తోసేయమని లేదు. సుఖం కలిగినప్పుడు సుఖం కలిగిందని తెలుసుకోమని ఉంది. ఇక సంసారులకు చెప్పిన మాటలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అనాథపిండికుడనే వర్తకుడికి బుద్ధుడు గృహస్థు పొందదగిన నాలుగు సుఖాలను లెక్కపెట్టి చెబుతాడు. ధర్మంగా సంపాదించింది ఉండడం ఒకటి, దాన్ని అనుభవిస్తూ నలుగురికీ పెట్టడం రెండోది, ఎవరికీ చిన్నమెత్తు బాకీ లేకపోవడం మూడోది, చేతల్లో మాటల్లో మనసులో తప్పు లేకపోవడం నాలుగోది. మొదటి మూడూ కలిపినా నాలుగోదానిలో పదహారో వంతుకు తూగవంటాడు. కౌలు సేద్యం ఇంతగా ఉన్న డెల్టాలో, ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే మాట ఇచ్చి, పెట్టుబడికి అప్పు తెచ్చి, తుపాను కన్ను పడకుండా పంట ఇంటికి చేరేదాకా నిద్రపట్టని రైతుకు ఆ మూడో సుఖం గురించి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. అతనికి ఊపిరి మీద దృష్టి పెట్టమని చెప్పడంలో తప్పులేదు. అతని ఆందోళన అంతా అతని మనసు చేసిన తప్పేనని చెప్పడంలో తప్పుంది. రుణం లేకపోవడాన్ని సుఖాల లెక్కలో చేర్చిన బోధకుడు మనసునూ బతుకుతెరువునూ విడదీయలేదు. సమ్యక్ ఆజీవం, అంటే సరైన బతుకుతెరువు, అష్టాంగ మార్గంలో ఒక మెట్టు. సమ్యక్ స్మృతి, అంటే సరైన ఎరుక, అదే మార్గంలో ఇంకో మెట్టు. రెండోదాన్ని ఒక్కదాన్నే ఊడబెరికి అమ్మితే దానికి బుద్ధుడి పేరు అతకదు.

దీనికి రెండో అభ్యంతరం వైద్యశాస్త్రం వైపు నుంచి వస్తుంది. సిద్ధాంతం ఏదైతేనేం, మనసు నెమ్మదిస్తోంది కదా, నిద్ర పడుతోంది కదా అని. ఆ మాటనూ పరీక్షిద్దాం. 2014లో అమెరికా వైద్య పత్రిక ఒకటి 47 ప్రయోగాల్లో పాల్గొన్న 3,515 మంది ఫలితాలను కలిపి సమీక్షించింది. ఆందోళన, దిగులు, నొప్పి విషయంలో ధ్యానం వల్ల కొంత మేలు ఉందనడానికి ఓ మోస్తరు ఆధారం దొరికింది. మందుల కన్నా, వ్యాయామం కన్నా మెరుగని చెప్పడానికి మాత్రం ఆధారం దొరకలేదు. 2022లో బ్రిటన్ పాఠశాలల్లో ఎనిమిది వేలకు పైగా పిల్లలతో చేసిన పెద్ద ప్రయోగంలో, మామూలుగా చెప్పే పాఠాల కన్నా ఎరుక పాఠాలు అదనంగా ఏమీ ఒరగబెట్టలేదని తేలింది. 2020లో 83 అధ్యయనాలను పరిశీలించిన సమీక్ష, సాధకుల్లో సుమారు 8 శాతం మందిలో ఆందోళన పెరగడం వంటి చెడు అనుభవాలు నమోదైనట్టు చెప్పింది. అంటే ధ్యానం పనికిరానిదీ కాదు, సర్వరోగ నివారిణీ కాదు. కొందరికి ఉపశమనం ఇస్తుంది. ఉపశమనం కోసమే చేస్తున్నామంటే ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు, నాకూ లేదు. కాని దాన్ని బుద్ధుడు చెప్పిన సుఖమని పిలిస్తే ఆయన పెట్టిన షరతులు కూడా ఒప్పుకోవాలి. ఆయన లెక్కలో ఉపశమనం సమాధి వాటా. సమాధికి ముందు శీలం, తర్వాత ప్రజ్ఞ ఉన్నాయి. నెమ్మదించిన మనసుతో ‘నేను’ను తరచి చూడడమే అసలు పని. ఆ పని మొదలుపెట్టకుండా వదిలేస్తే, నెమ్మదించిన మనసు తన నెమ్మదినే ఇంకో ఆస్తిగా దాచుకుంటుంది. ధ్యానం చేసేవాళ్లమని, చేయనివాళ్ల కన్నా ఒక మెట్టు పైనున్నామని గీర పడేవాళ్లు మనకు కొత్త కాదు.

మూడో అభ్యంతరం మన ఇళ్లలోదే. ‘నేను’ను విచారించడం వేదాంతంలోనూ ఉంది, రమణ మహర్షి చెప్పింది అదే, మరి బౌద్ధం ప్రత్యేకత ఏమిటి? చిన్నతనం తెనాలిలో గడిచిన రచయిత చలం 1950లో రమణుడి అరుణాచలం చేరి చివరిదాకా అక్కడే ఉన్నాడు. తెలుగులో ఆత్మ విచారణ గురించి మాట్లాడే ఎవరికైనా ఆ పేరు గుర్తుకొస్తుంది. పద్ధతిలో పోలిక నిజమే. రెండుచోట్లా శరీరం నేను కాదు, ఆలోచన నేను కాదు అంటూ తీసేసుకుంటూ పోవాలి. వెళ్లి చేరే చోటు వేరు. తీసేయగా మిగిలేది ఆత్మ అని వేదాంతం అంటుంది. మిగిలిందని దేన్ని చూపించినా దాన్నీ పరీక్షకు పెట్టమని బౌద్ధం అంటుంది. పిరమిడ్ ఉద్యమం ఆనాపానసతి అనే మాటను బౌద్ధం నుంచే తీసుకుంది గాని, దాని బోధలో ఆత్మ ఉంది, జన్మజన్మలుగా ఆ ఆత్మ చేసే ప్రయాణం ఉంది. అది వాళ్ల స్వేచ్ఛ. శాకాహారం వైపు, పరస్పర సహాయం వైపు అది ఎందరినో మళ్లించింది. కాని ఆనాపానసతి సూత్రంలో ఊపిరి నుంచి మొదలై పదహారు అంచెలుగా సాగే సాధన అనిత్యాన్ని చూడడం, పట్టు వదలడం దగ్గర ముగుస్తుంది. మొదటి అంచెలు తీసుకుని చివరి అంచెల స్థానంలో ఆత్మను నిలబెడితే అది ఇంకో దర్శనం అవుతుంది. ఆ సంగతి నేర్చుకునేవాళ్లకు చెప్పాలి. ఇందులో గోయెంకా పద్ధతిది మెరుగైన స్థానం. శిబిరంలో అడుగుపెట్టగానే పంచశీలాలు తీసుకోవాలి, మొదటి మూడు రోజులూ ఊపిరి గమనించి నాలుగో రోజు విపశ్యనకు వెళ్లాలి, రుసుం లేదు, పూర్తిచేసినవాళ్ల దానంతోనే నడుస్తుంది. అనాత్మ మాట సాయంత్రం ప్రసంగాల్లో వస్తుంది కూడా. అయితే తొమ్మిది రోజుల మౌనంలో చూసుకున్న ‘నేను’ ఒంటరి మనిషి ‘నేను’. ఊళ్లోకి తిరిగొచ్చాక ఎదురయ్యే ‘నేను’ అది కాదు.

ఊళ్లో ఎదురయ్యే ‘నేను’కు ఇంటిపేరుంది, కులముంది, ఎకరాల లెక్కుంది. ఈ విషయంలో డెల్టా చరిత్ర కంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు. ఇప్పటి బాపట్ల జిల్లాలోనే ఉన్న కారంచేడులో 1985 జులై 17న ఆరుగురు దళితులను చంపారు. తెనాలికి దగ్గర్లోని చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక న్యాయస్థానం శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. చుండూరు, భట్టిప్రోలు ఒకే అసెంబ్లీ నియోజకవర్గం, వేమూరు కిందికి వస్తాయి. అనాత్మ బోధకుడి ధాతువులు దొరికిన నేలకూ, ‘మేము’ అనే గర్వం కత్తులు పట్టిన నేలకూ మధ్య దూరం అంతే. అనాత్మ సిద్ధాంతం పండితుల వ్యాపకమని అనేవాళ్లు ఈ దూరాన్ని ఒకసారి కొలవాలి. పాళీ సూత్రాల్లో పుట్టుకతో ఎవడూ హీనుడు కాడని వాదించే వసల సూత్రం, అస్సలాయన సూత్రం ధ్యాన సూత్రాల పక్కనే ఉన్నాయి. కులం అనేది ‘నేను’కు మన సమాజం తొడిగిన అతి గట్టి తొడుగు. శరీరం నాది కాదని గంటసేపు చూసుకుని లేచిన మనిషి, మనవాళ్లా కాదా అని ఆరా తీస్తే ఆ గంట ఎటు పోయినట్టు?

తెనాలి హేతువాదులు ఇక్కడ అడ్డుపడతారు, అడ్డుపడాలి కూడా. త్రిపురనేని రామస్వామి చౌదరి ఉన్న ఊరు, ఎం.ఎన్.రాయ్ మానవవాదానికి ఆవుల గోపాలకృష్ణమూర్తి వంటివారు పీట వేసిన ఊరు అది. కులం పోవాలంటే చట్టం కావాలి, భూమి కావాలి, చదువు కావాలి, కళ్లు మూసుకుని కూర్చుంటే పోతుందా అన్నది వాళ్ల ప్రశ్న. కూర్చుంటే పోదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించిన అంబేడ్కర్ కూడా పోతుందనలేదు. మరుసటి ఏడు వెలువడిన ‘బుద్ధుడు, ఆయన ధర్మం’ ముందుమాటలో ఆయన ఆత్మ లేనప్పుడు కర్మ, పునర్జన్మ ఎలా పొసగుతాయన్న చిక్కును దాచకుండా ముందు పెట్టాడు. నాగార్జునుడి తర్వాత ఆ ప్రశ్నను అంత నిర్మొహమాటంగా తిరగదోడిన భారతీయులు తక్కువ. ఆయన బౌద్ధంలో సామాజిక నీతికే పెద్దపీట, ధ్యానానిది వెనక వరస. అది ధ్యానం దగ్గరే ఆగిపోయే పక్షం చేసిన లోపానికి విరుగుడు. అయినా హేతువాదానికి ఒక ఎదురు ప్రశ్న ఉంది. చట్టమూ చదువూ ఉన్న చోట, విదేశాల్లో స్థిరపడ్డ తెలుగువాళ్ల సంఘాల్లో కూడా, కులాలవారీ కూడికలు ఎందుకు మానలేదు? బయటి కట్టడి తెగాక కూడా లోపలి పట్టు మిగులుతుంది. దాన్ని చూసుకునే శిక్షణ వేరే ఉండాలి. శిక్షణ చట్టానికి బదులు కాదు, చట్టం శిక్షణకు బదులు కాదు. ముందు చెప్పిన సతిపట్ఠాన సూత్రంలో నాలుగో పరిశీలన ధర్మాల పరిశీలన. కోరిక, ద్వేషం, సందేహం మనసులో ఎప్పుడు తలెత్తాయో, ఎందుకు తలెత్తాయో చూడడం అందులో భాగం. దాన్ని కులద్వేషం మీద వాడకూడదని ఏ సూత్రంలోనూ లేదు.

కాబట్టి ధ్యానం నేర్పేవాళ్లకు నా విన్నపం చిన్నదే. ఊపిరి పాఠంతో పాటు అనాథపిండికుడికి చెప్పిన నాలుగు సుఖాలనూ, వసల సూత్రాన్నీ వాడుక తెలుగులో చెప్పండి. ఆత్మను నమ్మే ధ్యానమైతే నమ్ముతున్నామని, నమ్మనిదైతే నమ్మడం లేదని మొదటి రోజే చెప్పండి. మానసిక వైద్యం పొందుతున్నవాళ్లను డాక్టరును అడగకుండా పొడవాటి శిబిరాల్లో కూర్చోబెట్టకండి. నేర్చుకునేవాళ్లు అడగాల్సింది కూడా ఒకటుంది. ఈ శిక్షణ నా కులం, నా బాకీ, నా పొలంలో పనిచేసే కూలీ గురించి ఏమంటుందో మొదట్లోనే అడగండి. ఏమీ అనదంటే, మంచి నిద్ర కోసం చేసుకోండి. దానికి బుద్ధుడి పేరు అక్కర్లేదు.